లాజరు మూడు సీసాలు

కందకుర్తి బస్సు రెంజల్ చేరకముందే ఆగిపోయింది. ఎదురుగా వచ్చే చెరుకుబండికి ఇరుసు విరిగి, గడలన్నీ రోడ్డుకు అడ్డంగా పడ్డాయి. దాని వెనక మరో పదిహేను బండ్లు. ఫ్యాక్టరీ దగ్గర తమ వరస పోతుందని వెనకవాళ్లు ముందువాడిని తిడుతున్నారు, ముందువాడు ఎద్దును తిడుతున్నాడు, మా డ్రైవరు అందరినీ కలిపి తిడుతున్నాడు. ఆ తిట్లలో తెలుగెంత, ఉర్దూ ఎంత, మరాఠీ ఎంత అని కాసేపు విని, విసుగొచ్చి దిగి నడక మొదలుపెట్టాను.

అది 1988 ఫిబ్రవరిలో ఒక ఆదివారం. మంజీర గోదావరిలో కలిసేచోట రెండు నీళ్ల రంగులు ఎంతదూరం వేరువేరుగా సాగుతాయో కళ్లారా చూడాలని బయలుదేరాను. అలాంటి పనులకే నేను ఊళ్లు తిరిగేది. జీవితంలో ముప్పావు వంతు రోడ్ల మీద పోయింది, మిగిలిన పావు లైబ్రరీల్లో. రెండింటిలోనూ నన్ను రమ్మన్నవాళ్లు లేరు.

కిలోమీటరు నడిచాక, తుమ్మచెట్టు కింద స్టాండు వేసిన సైకిలు, దాని పక్కన, సామాను కట్టుకునే రబ్బరు ట్యూబు తెగితే ఆ ముక్కను చేత్తో పట్టుకుని దాన్నే చూస్తున్న మనిషి కనిపించాడు. యాభై దాటిన వయసు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చర్చికి పోయేవాళ్ల వాలకం. క్యారేజీ మీద గోనెసంచి చుట్టిన పెట్టె ఒకటి జారిపోబోతూ ఉంది. హ్యాండిలుకు ఇనుపతీగల బుట్ట. అందులో మూడు వెడల్పు మూతి సీసాలు. ప్రతి సీసా మూతి మీదా ఒక ఉల్లిగడ్డ కూర్చుని ఉంది, తెల్లటి వేళ్లు నీళ్లలోకి వేలాడుతున్నాయి.

"ఉల్లిగడ్డలకు ఈ వైభోగం ఏమిటి?" అన్నాను.

"అమ్మనీకె గావు. నడువ్."

నేను కదల్లేదు. అతను తలెత్తాడు.

"నిలవడి సూసుడేనా, చెయ్యేమన్న పెడ్తవా? ట్యూబు తెగింది కనవడతలేదా? నేను పెట్టె పట్టుకోని నడవాలె. నువ్వు గా బుట్ట పట్టు. ఒక్క సుక్క నీళ్లు ఒలికినా మాటలు పడ్తవ్."

అలా పరిచయమయ్యాడు లాజరు. అతను ఒక చేత్తో సైకిలు తోస్తూ, ఇంకో చేత్తో పెట్టెను అదిమిపట్టుకుని ముందు నడిచాడు. నేను సీసాల బుట్ట మోస్తూ వెనక.

"వేళ్ల కొనల్లో కణవిభజన చూడటానికేనా ఇవి?" అన్నాను కొంతసేపటికి.

సైకిలు ఆగింది. "నువ్వు లెక్చరర్‌వా?"

"కాదు."

"ఎగ్జామినర్‌వా?" ఆ మాట అడిగినప్పుడు అతని దవడ బిగుసుకుంది.

"కాదు. ఊరికే చదువుతుంటాను."

"ఊకె చదివెటోళ్లతోని మస్తు తక్లీఫ్. తప్పు చెప్తే మార్కులు కోసెటోడు ఉండడు గద మీకు," అని మళ్లీ తోయసాగాడు.

బోధన్‌లోని ఒక జూనియర్ కాలేజీలో అతను బయాలజీ ల్యాబు అటెండరు. ఆ దారిలోనే ఒక ఊరి క్రైస్తవుల వాడలో పుట్టాడు. ఆ ఊరి పేరు రాయను, రాస్తే వాళ్లు నా మీదికి వస్తారు, వచ్చే హక్కు వాళ్లకుంది. తండ్రి పటేళ్ల పొలాల్లో చెరుకు కొట్టాడు. మెథడిస్టు మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివిన లాజరు ఇరవై ఆరేళ్లుగా గాజుసామాను కడుగుతున్నాడు, బొద్దింకలు పడుతున్నాడు, ఫార్మలిన్ కలుపుతున్నాడు. కడిగేవాడికి పాఠం వినిపిస్తుంది. ఏటేటా అదే పాఠం, లెక్చరర్లు మారినా. చివరికి పాఠం చెప్పేవాళ్ల కంటే చూసేవాడికే ఎక్కువ తెలిసింది.

ముఖ్యంగా ఉల్లివేళ్లు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందు సీసాల మీద గడ్డలు పెట్టేది అతనే. పొద్దున ఏ వేళకు వేరు కొన కోస్తే కణాలు ఎక్కువగా విడిపోతూ దొరుకుతాయో అతనికి తెలుసు. కొనను ఆసిడ్ చుక్కలో వెచ్చబెట్టి, ఎర్ర రంగు పట్టించి, గాజుపలక మీద పెట్టి, పైన సన్నటి గాజుబిళ్ల వేసి, అద్దుడుకాగితం పరిచి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాలి. నొక్కు తక్కువైతే కణాలు ఒకదాని మీద ఒకటి కుప్పపడతాయి, ఎక్కువైతే గాజు పగులుతుంది. అతని బొటనవేలు గోరు పక్కకు ఒరిగి ఉంది. ఇరవై ఆరేళ్ల నొక్కుడు.

"మరి ఎగ్జామినర్‌తో ఏమైంది?" అన్నాను. ఎందుకంటే 'ఎగ్జామినర్' అన్న మాట ఇంకా అతని దవడలోనే ఉంది.

పోయినేడు పరీక్షల ముందు మూడురోజులు కాలేజీ నల్లాలు ఎండిపోయాయి. లాజరు ఇంటినుంచి సైకిలు మీద రెండు డబ్బాల బావినీళ్లు తెచ్చి సీసాల్లో పోశాడు. తియ్యటి నీళ్లు, వాడలో పుట్టినవాళ్లందరూ తాగి పెరిగినవి. గర్వంగానే పోశాడు. పరీక్షనాడు ఏ పిల్లవాడి స్లైడులోనూ ఉండాల్సిన దశ లేదు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు నలభైమంది పిల్లల ముందు అతన్ని పిలిచి, "ఇరవై అయిదేండ్ల సర్వీసుల ఉల్లిగడ్డకు నీళ్లు పొయ్యరాదా నీకు? నిన్నెవడయ్యా పెట్టుకుంది?" అన్నాడు. పిల్లలు నవ్వారు. మర్నాడు మెమో ఇచ్చారు.

"మెమో కాయితం ఎలుకలు తింటయ్," అన్నాడు లాజరు. "నవ్వును తినయ్."

పరీక్షలు అయ్యాక అతను ఆ పాడైన స్లైడులను పారేయలేదు. ఒక్కడే కూర్చుని చూశాడు. అక్కడినుంచి మొదలైంది ఇదంతా.

"మంచి కణం ఎట్ల జేస్తది తెల్సా?" అన్నాడు. మొదటిసారి అతని గొంతులో తిట్టు లేదు. "ఉల్లిగడ్డకు క్రోమోజోములు పదారు. విడిపోయేముంగట ఒక్కోటి తనసుంటిదే ఇంకోటి తయారుజేసుకుంటది. రెండు అతుక్కోనే ఉంటయ్, జతలెక్క. అటు కొసకెల్లి, ఇటు కొసకెల్లి దారాలసుంటి కండె పోగులు వస్తయ్. ఒక్కో జతను రెండుదిక్కులా పట్టుకుంటయ్. పట్టుకోని గుంజుతయ్. అన్ని జతలు నడిమిట్ల వరస కట్టినంక, అప్పుడు, ఒక్కపారే పటుక్కున విడిపోతయ్. ఇటు పదారు, అటు పదారు. నేను ఎన్ని వేలు జూసిననో, పదిహేను పదిహేడు అయింది మంచినీళ్లల్ల దొరుకుడే కష్టం."

"అన్నీ వరస కట్టాయని కణానికెలా తెలుస్తుంది?" పుస్తకాల్లో నాకు అప్పటికి జవాబు దొరకని ప్రశ్న అది.

"దుప్పటి ఎప్పుడన్న పిండినవా, ఇద్దరు కలిసి?"

"పిండాను."

"అవుతలోడు కొస ఇడిస్తే నీకు కండ్లతోని సూసుడు కావాల్నా? చేతికే ఎరుకైతది. గుంజుతుంటే బిగువుండాలె. బిగువు లేదంటే అవుతల పట్టుకున్నోడు లేడన్నట్టు. గట్ల ఒక్క జతకు బిగువు లేకున్నా తతిమ్మవన్ని ఆగుతయ్. నేను ఎన్నోసార్లు జూసిన, పదిహేను జతలు నడిమిట్ల నిలవడి ఉంటయ్, ఒక్కటి మూలకు ఉంటది. దానికోసం అన్ని ఆగినట్టే ఉంటయ్. మనుషులు ఆగుతరా గట్ల?"

పదిహేనేళ్ల తర్వాత హైదరాబాదులో ఒక లైబ్రరీ బల్ల దగ్గర చదివాను. పట్టు దొరకని ఒక్క జత 'ఆగండి' అని సంకేతం పంపుతూనే ఉంటుందట, బిగువు సరిగా లేని పట్టును కణం విడిచి మళ్లీ పట్టుకుంటుందట, చివరి జత కూడా రెండువైపులా చిక్కాకే జతల మధ్య అతుకును కోసే కత్తెర లాంటి పదార్థానికి అనుమతి వస్తుందట. చాలా పేజీలున్నాయి, చాలా బొమ్మలున్నాయి. దుప్పటి ముందు అవన్నీ నాకు వివరణల్లాగే కనిపించాయి.

కానీ బావినీళ్ల వేళ్లలో ఇదేదీ జరగలేదు. పోగులే లేవు. క్రోమోజోములు విసిరేసిన పుల్లల్లా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. కొన్ని కణాల్లో రెండింతలు, ముప్పైరెండు, విడిపోకుండా ఒకేచోట. కొన్నింట్లో ఒకటి రెండు నడుమనే తప్పిపోయి, ఎటూ చేరక.

లాజరు మూడు సీసాలు పెట్టాడు. ఒకటి నల్లా నీళ్లు, ఒకటి మంజీర నీళ్లు, ఒకటి వాడ బావివి. ఏడాదిలో నాలుగుసార్లు. వానల తర్వాత బావి సీసా కొంత నయం. చెరుకు నాటే రోజుల్లో ఘోరం. లెక్చరరుకు చెబితే "సిలబస్‌లో లేదు" అన్నాడట.

చెరుకు నాటే రోజుల్లో ఏం చేస్తారంటే, గడను కణుపుల దగ్గర తునకలుగా నరికి, కుళ్లిపోకుండా మందునీళ్లలో ముంచి నాటుతారు. ఆ రోజుల్లో వాడే పొడి పాదరసం మందు. నీళ్లు దగ్గరని పటేలు ఆ మందు కలిపే తొట్టిని వాడ బావి గద్దె పక్కనే పెట్టించాడు. ముంచేది వాడ ఆడవాళ్లు, ఒట్టి చేతులతో. పనయ్యాక మిగిలిన నీళ్లను గద్దె మీదే కుమ్మరిస్తారు, అవి పగుళ్లలోంచి మళ్లీ బావిలోకే దిగుతాయి. చేతులు అక్కడే కడుక్కుంటారు, బిందెలు అక్కడే నింపుకుంటారు.

"ఇయ్యాల పటేలు బాయికాడనే ఉంటడు, నాటు నడుస్తున్నది," అన్నాడు. "తొట్టి అక్కడికెల్లి తియ్యాలె. గంతే. ఆదివారం అని కాలేజీల చెప్పకుంట మైక్రోస్కోపు పట్టుకొచ్చిన. సోమారం పొద్దుగాల దాని జాగల అది లేకుంటే నా నౌకరి ఉండదు."

నాకు తెలిసింది చెప్పకుండా ఉండలేను, అది నా జబ్బు. ఇరాక్‌లో పాదరసం మందు పట్టించిన విత్తన గోధుమలను రొట్టెలు చేసుకుని తిని వందలమంది చచ్చిపోయిన సంగతి చెప్పాను. జపాన్‌లో ఒక సముద్రతీరాన చేపలు తిన్నవాళ్ల చేతులు వణికి, మాట తడబడి, చూపు పోయిన సంగతి చెప్పాను. నడుస్తూ చెబుతూ ఉంటే నా గొంతు నాకే బాగుందనిపించింది.

లాజరు సైకిలు ఆపేశాడు.

"చేతులు వణుకుతయా?"

"వణుకుతాయని రాశారు."

జారుతున్న పెట్టెను సర్దాడు. తర్వాత, "గీ ముచ్చట అక్కడ చెప్తవా? నేను చెప్తే అటెండరు మాట. నువ్వు చెప్తే సదువుకున్నోడి మాట."

"చెబుతాను," అన్నాను.

బావి దగ్గర పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని చెరుకు నరుకుతున్నారు. తొట్టిలో గులాబీరంగు నీళ్లు. పటేలు ఆత్మారాం కుర్చీలో ఉన్నాడు, అరవయ్యేళ్ల మనిషి, మఫ్లరు, మెత్తటి మాట. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. లాజరును చూడగానే నరుకుడు ఆగలేదు గానీ మాటలు ఆగాయి.

"వచ్చిండు కలెక్టరు," అంది వాళ్లలో పెద్దామె. లాజరు సొంత అక్క, శారమ్మ. "సర్కారు జీతం తినెటోడా, మా కూలి మీద పడ్డదా నీ కన్ను? పోయిన ఆదివారం చర్చిల చెప్పినవు, ఇయ్యాల బాయికాడికి తెచ్చినవు. రేపు మా పొయ్యికాడికి వస్తవు."

"అక్కా, ఒక్కపారి సూడు. సూసినంక తిట్టు."

"తిట్టుకుంటనే సూస్త. నా కండ్లకు నోటితోని పనేముంది?"

ఆడవాళ్లు నవ్వారు. పటేలు కూడా నవ్వాడు. నన్ను చూసి లేచి, "పెద్దసారు ఎవరు? ఎండల నిలవడ్డరేంది, కూసోండ్రి," అని ఖాళీ కుర్చీ చూపించాడు. నా కాళ్లు నొప్పిగా ఉన్నాయి. కూర్చున్నాను. ఎవరినో పంపి హోటలు నుంచి చాయ్ తెప్పించాడు. లాజరుకు తెప్పించలేదు, అతను నిలబడే ఉన్నాడు.

లాజరు బావి గద్దె మీద గోనెసంచి పరిచి, మైక్రోస్కోపు పెట్టి, అద్దాన్ని ఎండకు తిప్పాడు. అంచులకు కొవ్వొత్తి మైనం పూసిన రెండు స్లైడులు అగ్గిపెట్టెలోంచి తీశాడు. పక్కన మూడు సీసాలు వరసగా నిలబెట్టాడు. అప్పుడు చూశాను, రెండు సీసాల్లో వేళ్లు సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. మూడోదాంట్లో కురచగా, కొనల దగ్గర ఉబ్బి ఉన్నాయి.

పటేలు ముందు చూశాడు. "గివేంది, పురుగులా?"

"పురుగులు గావు పటేలా. ఇది నల్లా నీళ్లది. రెండు కుప్పలు సమానంగ ఉన్నయా? ఇప్పుడు గిది సూడు, మన బాయిది. కుప్పలున్నయా? చిందరవందర. మీ తొట్టిల మందు బాయిల కలుస్తున్నది."

"నాకైతె రెండూ ముగ్గులెక్కనే ఉన్నయ్," అన్నాడు పటేలు. "ఒకటి మంచిగ ఏసింది, ఒకటి కొత్త కోడలు ఏసింది."

మళ్లీ నవ్వు. శారమ్మ కత్తి పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. వంగి ఒక కన్ను మూసింది.

"మసకగ ఉన్నదిరా."

"గా పక్కకున్న బిళ్ల తిప్పు, మెల్లగ. మంచిగ కనవడ్డకాడ ఆపు."

ఆమె తిప్పింది. ఆపలేకపోయింది. వేళ్లు బిళ్ల మీద సన్నగా కొట్టుకుంటున్నాయి. స్పష్టమైన చోటు వస్తూ పోతూ ఉంది కాబోలు, ఆమె మళ్లీ మళ్లీ తిప్పింది. కింది గాజు టకటకమంది. లాజరు ఆమె చేతిని మెల్లగా పట్టుకుని బిళ్ల మీదినుంచి తీశాడు. పట్టుకునే నా వైపు చూశాడు.

"చలికి," అంది శారమ్మ, చెయ్యి లాక్కుంటూ. మధ్యాహ్నం ఒంటిగంట. నేను చొక్కా పైగుండీ విప్పుకుని కూర్చున్నాను.

"సరె," అన్నాడు పటేలు. "లాజరు మనోడే. కాని కడిగెటోడు వేరు, సదివెటోడు వేరు. పెద్దసారూ, మీరు దేశం తిరిగినోళ్లు. మీరు చెప్పుండ్రి. గీ నీళ్లు తాగితే మనిషికి ఏమన్న అయితదా? నిజం చెప్పుండ్రి. మీరు అయితదంటే ఇప్పుడే తొట్టి తీపిస్త."

నరుకుడు కూడా ఆగింది. అందరూ నా వైపు చూశారు. నా చేతిలో చాయ్ ఉంది. పుస్తకాలు చదివినవాడిని సూటిగా ప్రశ్న అడిగితే, చదివినవన్నీ ఒకదానికొకటి అడ్డం నిలబడతాయి. మోతాదు ఎంత, ఏ రకం పాదరసం, ఉల్లివేరు ఎక్కడ, మనిషి ఒళ్లు ఎక్కడ. అవన్నీ న్యాయమైన ప్రశ్నలే. ఆ క్షణాన నాకు చాలా సుఖంగా కూడా ఉన్నాయి.

"ఉల్లివేరులో కనిపించిందే మనిషికీ జరుగుతుందని దీన్నిబట్టి చెప్పలేం," అన్నాను. "నీళ్లు పరీక్ష చేయించాలి. మోతాదు కొలవాలి."

"అంటే తెల్వదంటరు."

"కచ్చితంగా తెలియదు."

"విన్నరా?" అన్నాడు పటేలు ఆడవాళ్లతో. గొంతు పెంచలేదు. "పెద్దసారే తెల్వదంటున్నడు. వీడికి తెల్సిందట."

"రోడ్డు మీద చెప్పినవు గద," అన్నాడు లాజరు నాతో. "రొట్టెల ముచ్చట. చేతుల ముచ్చట."

"అది విత్తనాలు నేరుగా తిన్న సంగతి, లాజరూ. ఇది వేరు."

నేనన్నది తప్పు కాదు. ఇప్పుడు ఏ డాక్టరును అడిగినా నేనన్నది తప్పు కాదనే అంటాడు. ఇన్నేళ్లుగా నేను చెప్పిన అబద్ధాలు చాలా మరిచిపోయాను, ఆ నిజం మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

"పటేలు అడిగింది వేరు, నేను తెచ్చింది వేరు," అన్నాడు లాజరు. "మనిషి సస్తడా అని నేను అడగలే. బాయిల మందున్నదా అని అడిగిన. గదానికి జవాబు గా సీసాల ఉన్నది. మనిషి సచ్చెదాక ఆగాల్నా గది తెల్సుకోనీకె?"

"బస్ చేయ్‌రా," అన్నాడు పటేలు. "కాలేజీ సామాను దొంగతనంగ తెచ్చినవ్. ప్రిన్సిపాలు మా ఇంటికి వస్తుంటడు, నేను చెప్పనులే. జల్ది పట్టుకపో. తొట్టి ఉన్నకాడనే ఉంటది."

శారమ్మ తిరిగి తన చోటికి పోయి కూర్చుంది. కత్తి తీసుకోలేదు. ఒక చేతిని ఇంకో చేతి కింద పెట్టుకుని అదిమి పట్టుకుంది. పక్కామె తునకల గంపను తొట్టిలోకి దించింది, మోచేతుల దాకా.

లాజరు మైక్రోస్కోపును గోనెలో చుట్టి పెట్టెలో పెట్టాడు. పెట్టెను క్యారేజీ మీద పెట్టి, కట్టడానికి ఏమీ లేదని అప్పుడు గుర్తొచ్చినట్టు చుట్టూ చూశాడు. అక్క ముందు పడి ఉన్న చెరుకు కత్తి తీసుకున్నాడు. పటేలు కుర్చీలోంచి సగం లేచాడు. లాజరు అతని వైపు పోలేదు. బావి గద్దె ఎక్కి, గిలక మీది చేంతాడును ఒక్క దెబ్బకు కోశాడు. బొక్కెన బావిలో పడ్డ చప్పుడు కిందినుంచి ఆలస్యంగా వచ్చింది.

"ఒరే, ఒరే," అని లేచారు ఆడవాళ్లు. "నీళ్లెట్ల తోడాలెరా మేము?"

అతను గిలక మీద మిగిలిన తాడును మొత్తం గుంజి, చుట్టగా చుట్టి, దాంతో పెట్టెను క్యారేజీకి కట్టాడు. రెండుదిక్కులా లాగి చూశాడు, బిగువుందో లేదో. కత్తిని అక్క ముందు, పిడి ఆమె వైపు ఉండేలా పెట్టాడు. మూడు సీసాలను గద్దె మీదే వదిలేశాడు.

నేను కుర్చీలోంచి లేచి, "లాజరూ," అన్నాను. బస్సు రోడ్డు అటే, కలిసి నడవొచ్చు, బుట్ట పట్టుకుంటానని చెప్పాలనుకున్నాను. బుట్టలో ఏమీ లేదు.

అతను సైకిలు ఎక్కలేదు. తోసుకుంటూ తుమ్మచెట్ల వైపు నడిచాడు, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

"చాయ్ సల్లారుతున్నది, పెద్దసారూ," అన్నాడు పటేలు.